నాలుగు ఊళ్లు, ఒక మున్సిపాలిటీ: తాడిగడప కేస్ స్టడీ

బెంజి సర్కిల్ నుంచి బందరు రోడ్డు మీద తూర్పుగా పోతే పటమట దాటాక విజయవాడ నగరపాలక సంస్థ హద్దు అయిపోతుంది. అయిపోయినట్టు కంటికి మాత్రం ఆనదు. అవే షాపులు, అవే అపార్ట్‌మెంట్లు, అవే ట్రాఫిక్ జాములు. కానూరు, తాడిగడప, పోరంకి ఒకదాని వెంట ఒకటి రోడ్డు మీదే వస్తాయి. నాలుగోది యనమలకుదురు, కృష్ణ ఒడ్డున ఉంటుంది. కొండ మీది రామలింగేశ్వరస్వామి గుడికి శివరాత్రినాడు ప్రభలు కట్టే ఊరు. ఈ నాలుగు గ్రామ పంచాయతీలనూ కలిపి చేసిందే తాడిగడప మున్సిపాలిటీ. మొదట దాని పేరు ముందు వైఎస్సార్ అని ఉండేది, 2025లో తీసేశారు.

నేను లేఅవుట్లు, స్థానిక సంస్థల రికార్డుల మీద పనిచేసే ప్లానర్‌ని. కాలనీ సంఘాలు తమ పార్కు స్థలం గురించో, మురుగు కాలువ గురించో, రోడ్డు వెడల్పు గురించో అడిగితే పాత కాగితాలు వెతికి ఫైలు తయారుచేసి ఇస్తాను. ఈ నాలుగు ఊళ్లలో ఒకదానిలో చేసిన అలాంటి పని ఇక్కడ రాస్తున్నాను. పంచాయతీ మున్సిపాలిటీ అయినప్పుడు జనం పన్ను గురించి మాట్లాడారు, పేరు గురించి మాట్లాడారు. ఊరి కాగితాలు ఎక్కడికి పోయాయి, వాటికి జవాబు చెప్పాల్సిన మనిషి ఎవరు అని అడిగినవాళ్లు నాకు తారసపడలేదు. నా దృష్టిలో అసలు నష్టం జరిగింది అక్కడే.

పొలం నుంచి పట్టణం దాకా

1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యాక బందరు కాలువ కింద ఈ నేలంతా మాగాణి అయింది. కాలువ నుంచి పంట బోదెలు అనే చిన్న కాలువలు, చేల నుంచి మురుగు కాలువలు, మధ్యలో బండ్లు పోయే డొంకలు. ఊరి రూపురేఖలన్నీ నీటి వాలును బట్టి ఏర్పడ్డవే. ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. వందేళ్ల పైచిలుకు తర్వాత వచ్చిన ఇళ్లు ఆ వాలును లెక్కలోకి తీసుకోలేదు.

విజయవాడ మున్సిపాలిటీ 1888 ఏప్రిల్ 1న ఏర్పడింది. 1981లో కార్పొరేషన్ అయింది. 1985లో గుణదల, పటమట, భవానీపురం పంచాయతీలతో పాటు పాయకాపురం, కుందావారి కండ్రికలను కలుపుకుంది. దాంతో నగరం హద్దు కానూరు గుమ్మం దాకా వచ్చింది. తర్వాత నాలుగు దశాబ్దాల్లో ఆ హద్దు అంగుళం జరగలేదు. కార్పొరేషన్ విస్తీర్ణం ఇప్పటికీ 61.88 చదరపు కిలోమీటర్లే. జనం మాత్రం హద్దు చూసుకుని ఆగరు కదా. 1966లో ఆటోనగర్ వచ్చింది. 1977లో కానూరులో సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది. 2014లో రాష్ట్ర విభజన తర్వాత రాజధాని ప్రాంతం అన్నారు. ఒక్కో మలుపులో కొన్ని చేలు ప్లాట్లయ్యాయి.

2011 జనగణన కానూరును జనగణన పట్టణంగా లెక్కేసింది. కనీసం 5,000 జనాభా, చదరపు కిలోమీటరుకు 400 మంది సాంద్రత, పనిచేసే మగవాళ్లలో కనీసం 75 శాతం వ్యవసాయేతర పనుల్లో ఉండటం, ఇవీ దానికి కొలతలు. జనగణన లెక్కలో పట్టణం, పాలన లెక్కలో పల్లె. ఒక సర్పంచి, ఒక కార్యదర్శి, వేళ్ల మీద లెక్కపెట్టగల సిబ్బంది కలిసి ఒక పట్టణాన్ని నడపాల్సి వచ్చింది. వాళ్లను నిందించలేను. వాళ్ల చేతిలో ఉన్న చట్టం పల్లె కోసం రాసింది.

ప్లానింగ్ అధికారం వేరే చోట ఉండేది. 1978లో విజయవాడ, గుంటూరు, తెనాలి, మంగళగిరి ప్రాంతానికి పట్టణాభివృద్ధి సంస్థ వీజీటీఎం ఉడా ఏర్పడింది, 2014 డిసెంబరు చివర్లో దాని స్థానంలో రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ సీఆర్డీఏ వచ్చింది. లేఅవుటుకు సాంకేతిక అనుమతి అక్కడ తీసుకోవాలి. ఆ తర్వాత రోడ్లు, ఖాళీ స్థలాలు పంచాయతీకి అప్పగించాలి. చేలు అమ్మేవాళ్లలో చాలామంది ఆ దాకా పోలేదు. 'పంచాయతీ అప్రూవ్డ్' అని బ్రోచర్ మీద వేసి అమ్మేశారు. కొన్నవాళ్లు ఉద్యోగస్తులు, రిటైరైన టీచర్లు, పిల్లలు విదేశాల్లో ఉన్న రైతులు. పంచాయతీ ఆమోదానికీ, ఆ సంస్థల సాంకేతిక అనుమతికీ తేడా వాళ్లకు చెప్పినవాళ్లు లేరు.

కాలనీ పార్కు కథ

ఒక కాలనీ సంఘం పెద్దలు నా దగ్గరకు వచ్చారు. వాళ్ల లేఅవుట్ పటంలో పార్కు కోసం వదిలిన స్థలం ఉంది. పిల్లలు ఆడుకుంటున్నారు, వినాయక చవితికి పందిరి వేస్తున్నారు. ఒకరోజు ఎవరో కొలతల టేపుతో వచ్చి ఆ స్థలం తాము కొంటున్నామన్నారు. సంఘం కార్యదర్శి రిటైరైన తెలుగు మాస్టారు.

"పటంలో పార్కు అని రాసుంది కదండీ, మళ్లీ ఎట్లా అమ్ముతారు?" అని అడిగారాయన.

"పటంలో ఉంది మాస్టారూ. పంచాయతీ పేరున రిజిస్టరైందా?"

"అది మాకెట్లా తెలుస్తుందండీ. మేం మా ప్లాట్ల కాగితాలే చూసుకున్నాం."

ఇలాంటి కేసుల్లో పది శాతం ఖాళీ స్థలాన్ని స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్ చేయడం, అంటే దానపత్రం రాసి రిజిస్టర్ చేయడం అన్నదే కీలకం. లేఅవుట్ వేసిన ఆయన ఆ పని చేయలేదు. చేయకపోతే రెవెన్యూ రికార్డులో ఆ సర్వే నెంబరు పాత రైతు పేరు మీదే ఉండిపోతుంది. ఏ భూమిలో ఏ పంట ఉందో రాసే అడంగల్ తీస్తే ఇంకా వరి చేను అనే చూపిస్తుంది. రైతు పోయాక వారసులు భాగాలు పంచుకుంటారు. తమ తండ్రి పేరున ఉన్న భూమి తమది కాదని వాళ్లకు తెలియకపోవచ్చు, తెలిసినా తెలియనట్టు ఉండొచ్చు. కోట్లు పలికే చోట ఆ స్థలం అలా ఊరికే ఉండదు.

మేం ఫైలు కట్టిన తీరు కాస్త వివరంగా చెబుతాను. మిగతా కాలనీలకు పనికొచ్చేది ఇదే. మొదట ప్లాట్ల యజమానులందరి సేల్ డీడ్లు తెప్పించాం. చాలామంది డీడ్‌లో గజాలు, ధర చూస్తారు. నేను హద్దులు చూస్తాను. పార్కును ఆనుకుని ఉన్న ప్లాట్ల డీడ్లలో 'తూర్పు: పార్కు నిమిత్తం విడిచిన స్థలం' అని అమ్మకందారే రాసి సంతకం పెట్టాడు. దానితో పాటు లేఅవుట్ పటం డీడుకు అనుబంధంగా రిజిస్టరై ఉంది. తన చేత్తో పార్కు అని రాసి, ఆ మాట చెప్పి పక్క ప్లాట్లు ఎక్కువ ధరకు అమ్మిన మనిషి వారసులు తర్వాత అది పొలమని అనడం కుదరదు. ఖాళీ స్థలంగా వదిలిన దాన్ని వేరే అవసరానికి మళ్లించకూడదని 1991లో బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. అక్కడ స్థలం ప్రభుత్వ సంస్థది, కేసు వేసింది చుట్టుపక్కల జనం. పార్కు కోసం వాళ్లు కోర్టుకు రావచ్చని కూడా ఆ తీర్పు ఒప్పుకుంది. మాకు అదే బలం.

తర్వాత సబ్‌ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఈసీ, అంటే ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, తీశాం. పార్కు ఉన్న సర్వే నెంబరు మీద వారసుల మధ్య పంపకం ఒకటి కనిపించింది, అమ్మకం ఇంకా జరగలేదు. అంటే సమయం ఉంది. సర్వే కొలతల పటాలైన ఎఫ్‌ఎంబీ, పాత సర్వే నాటి భూముల రిజిస్టరైన ఆర్‌ఎస్‌ఆర్ తీశాం. కాలనీ పక్కనున్న బోదె ప్రభుత్వ పోరంబోకు అని తేలింది. ఆ బోదెలో సగం మీద ప్రహరీలు లేచి ఉన్నాయి. అది వేరే కథ, దానికి వస్తాను.

చివరిది పంచాయతీ తీర్మానాల పుస్తకం. లేఅవుట్ వేసిన కాలంలో పంచాయతీ దాన్ని ఆమోదిస్తూ, రోడ్లు, పార్కు స్థలం స్వాధీనం చేసుకుంటున్నట్టు తీర్మానం చేసి ఉంటే మా వాదన సగం గెలిచినట్టే. పుస్తకం పంచాయతీలో ఉండేది. పంచాయతీ ఇప్పుడు లేదు. రికార్డులు మూటలు కట్టి మున్సిపాలిటీకి అప్పగించారు. ఆ మూటల జాబితాలో 'తీర్మానాల పుస్తకాలు' అని ఉంది కానీ ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా అన్నది లేదు. పల్లెలో అయితే పాత బంట్రోతుకో, మాజీ వార్డు సభ్యుడికో తెలిసేది. మేం చివరికి వెళ్లింది ఒక మాజీ వార్డు సభ్యుడి ఇంటికే. ఆయన తన కాలంలో వచ్చిన అజెండా కాపీలు బీరువాలో దాచుకున్నారు. వాటిలో ఆ తీర్మానం నెంబరు, తేదీ దొరికాయి. నెంబరు చేతిలో ఉంటే వెతికే వాళ్ల పని సులువవుతుంది. పుస్తకం దొరికింది, నకలు వచ్చింది.

ఈ కాగితాలన్నీ జత చేసి, ఆ స్థలాన్ని రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల నిషేధిత జాబితాలో చేర్చమని అర్జీ పెట్టాం. అర్జీ నడుస్తుండగానే స్థలానికి కంచె పడింది, మున్సిపల్ స్థలమని బోర్డు పడింది. టేపు పట్టుకుని వచ్చినవాళ్లు మళ్లీ కనపడలేదు. మాస్టారు ఆ బోర్డు ముందు నిలబడి ఫోటో తీయించుకుని నాకు పంపారు. ఆ ఫోటో నా దగ్గర భద్రంగా ఉంది.

బోదె సంగతి అలా తేలలేదు. చేలు పోయాక పంట బోదెల్లో నీళ్లు రావడం మానేశాయి, ఇళ్ల మురుగు రావడం మొదలైంది. ఇల్లు కట్టేవాళ్లు రోడ్డు కంటే రెండడుగులు ఎత్తుకు మెరక తోలించారు. రోడ్డు మళ్లీ వేసినప్పుడు రోడ్డూ ఎత్తు పెరిగింది. పాత ఇళ్లు పల్లంలో పడ్డాయి. వాన పడితే నీరు పోవాల్సిన దారి బోదె, బోదె మీద ప్రహరీలు. ఈ ముడి విప్పాలంటే ఎవరిని అడగాలి? బోదె జలవనరుల శాఖది. అది కలిసే పక్క కాలువ జాతీయ రహదారిది, ఎందుకంటే బందరు రోడ్డు ఇప్పుడు 65వ నెంబరు జాతీయ రహదారి. వీధి మున్సిపాలిటీది. మాస్టర్ ప్లాన్ సీఆర్డీఏది. ప్రతి కార్యాలయంలోనూ మర్యాదగానే మాట్లాడారు, ప్రతి ఒక్కరూ పక్క శాఖను చూపించారు. వాళ్లు చెప్పింది అబద్ధం కూడా కాదు. నలుగురినీ ఒక బల్ల ముందు కూర్చోబెట్టే మనిషి లేకపోవడమే అక్కడ లోటు. ఊళ్లో సర్పంచి ఆ పని చేసేవారు. చట్టం అధికారం ఇవ్వకపోయినా, ఓట్లు వేసినవాళ్లు గుమ్మం ముందు నిలబడితే ఆయన ఫోను తీయక తప్పేది కాదు.

ఓటు లేని పన్ను

రాష్ట్రంలో పంచాయతీ పాలకవర్గాల గడువు 2018 ఆగస్టు మొదట్లో ముగిసింది. ప్రత్యేకాధికారులు వచ్చారు. 2021 ఫిబ్రవరిలో మిగతా ఊళ్లకు పంచాయతీ ఎన్నికలు జరిగేనాటికి ఈ నాలుగు ఊళ్లు మున్సిపాలిటీ కింద చేరాయి. అదే ఏడాది మార్చి 10న మున్సిపల్ ఎన్నికలు జరిగాయి, వాటిలో ఈ పట్టణం లేదు. ఏప్రిల్ 8న ఎంపీటీసీ, జడ్పీటీసీ ఎన్నికలు జరిగాయి, పట్టణ ప్రాంతం కాబట్టి అవీ వీళ్లకు వర్తించలేదు. సర్పంచి లేరు, ఎంపీటీసీ లేరు, కౌన్సిలర్ లేరు. పంచాయతీ రాజ్ చట్టంలోని గ్రామసభ పోయింది. రాజ్యాంగం వార్డు కమిటీలు తప్పనిసరి చేసింది మూడు లక్షల జనాభా దాటిన మున్సిపాలిటీలకే, తాడిగడప ఆ లెక్కలోకి రాదు. పాలకవర్గం గడువు అయిదేళ్లని, అది ముగిసేలోపే కొత్త ఎన్నిక జరగాలని రాజ్యాంగం 243-యు అధికరణం అంటుంది. అసలు పాలకవర్గమే ఏర్పడని కొత్త పట్టణం విషయంలో ఆ గడియారం ఎప్పుడు మొదలవుతుంది? ఇది న్యాయనిపుణుల ప్రశ్నగా మిగిలిపోకూడదు.

అదే సమయంలో పన్ను విధానం మారింది. 2021 ఏప్రిల్ 1 నుంచి రాష్ట్రంలోని పట్టణాల్లో ఆస్తి పన్నును అద్దె విలువ మీద కాక మూలధన విలువ, అంటే స్థలం, భవనం విలువ మీద వేయడం మొదలుపెట్టారు. ఇళ్లకు ఆ విలువలో 0.10 నుంచి 0.50 శాతం, ఇతర భవనాలకు 0.20 నుంచి 2 శాతం మధ్య రేటు ఖరారు చేసుకోవచ్చు. ఒక్క ఏడాదిలో పెరుగుదల 15 శాతం దాటకూడదని పరిమితి పెట్టారు. 15వ ఆర్థిక సంఘం పట్టణాలకు గ్రాంట్లు ఇవ్వాలంటే ఆస్తి పన్నుకు కనీస రేట్లు నోటిఫై చేయాలని షరతు పెట్టడం ఈ మార్పుకు ఒక కారణం. విధానంగా చూస్తే నాకు ఇందులో తప్పు కనపడదు. భూమి విలువ పెరిగిన చోట ఆ పెరుగుదలలో కొంత ఊరికి రావడం న్యాయమే. కానీ పరిధిలో ఎంత రేటు అన్నది నిర్ణయించాల్సింది కౌన్సిల్. కౌన్సిల్ లేని చోట ఆ అధికారం ప్రత్యేకాధికారి చేతిలో ఉంటుంది. ఇంటి యజమాని పంచాయతీ పన్ను నుంచి మున్సిపల్ పన్నుకు మారాడు, పాత పద్ధతి నుంచి కొత్త పద్ధతికి మారాడు, రెండూ ఇంచుమించు ఒకేసారి. ఖాళీ స్థలాలకూ పన్ను పడింది. అభ్యంతరం చెప్పుకోవడానికి దరఖాస్తు ఉంది, వినే వార్డు ప్రతినిధి లేరు.

ఇళ్లున్నవాళ్ల గోడు పత్రికల్లో వస్తుంది. కూలీల సంగతి అంతగా రాదు. ఉపాధి హామీ చట్టం గ్రామీణ ప్రాంతాలకే. పంచాయతీ పోయిన రోజున జాబ్ కార్డు కూడా పోయింది. ఈ ఊళ్లలో ఇప్పటికీ కౌలు సేద్యం, పూల తోటలు, లంక పొలాల పనులు చేసుకునే కుటుంబాలున్నాయి. యనమలకుదురు ఒడ్డున ఒక పెద్దావిడ నాతో అన్న మాట ఇది: "అబ్బాయ్, మాకు కాలువ పూడిక పని ఏడాదికి కొన్నాళ్లు దొరికేది. ఇప్పుడు మీది టౌనమ్మా అంటున్నారు. టౌనులో మాకేం పని ఇస్తారో చెప్పమను." ఆమెకు చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు. విలీనం వల్ల లాభనష్టాలు లెక్కవేసే ప్రతి నివేదికలో ఈ పంక్తి ఉండి తీరాలని నా పట్టుదల.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. విజయవాడ కేంద్రంగా ఎన్టీఆర్ జిల్లా వచ్చింది. పెనమలూరు మండలం, దానితో పాటు ఈ మున్సిపాలిటీ, కృష్ణా జిల్లాలోనే ఉండిపోయాయి. కానూరులో ఉన్నవాళ్లకు విజయవాడ కలెక్టరేట్ సిటీ బస్సు దూరంలో కనపడుతుంది. వాళ్ల కలెక్టరేట్ మాత్రం అరవై కిలోమీటర్లకు పైగా దూరంలో మచిలీపట్నంలో ఉంది. నీరు, ట్రాఫిక్, చెత్త, ఉద్యోగం అన్నీ విజయవాడతో ముడిపడినవి, ఫైళ్లు బందరుతో ముడిపడినవి.

గుంటూరు అనుభవం, ఆ తర్వాత

ఇది తాడిగడప ఒక్కదాని సమస్య కాదని గుంటూరు చూస్తే తెలుస్తుంది. అక్కడ కార్పొరేషన్ పాలకవర్గం గడువు 2010లో ముగిసింది. 2012లో గోరంట్ల, నల్లపాడు, రెడ్డిపాలెం, అడవితక్కెళ్లపాడు, ఏటుకూరు, బుడంపాడు వంటి పది ఊళ్లను కలిపారు. మళ్లీ కౌన్సిల్ వచ్చింది 2021 మార్చిలో. ఆ పది ఊళ్ల వాళ్లు తొమ్మిదేళ్లు పల్లె పాలకవర్గం లేకుండా, పట్టణ పాలకవర్గం లేకుండా గడిపారు. గోరంట్లలో ఆ కాలంలో కొత్తగా వచ్చిన అపార్ట్‌మెంట్లను చూడండి, వాటి రోడ్ల వెడల్పు చూడండి. అడిగేవాడు లేని కాలం నేల మీద అచ్చుపడి ఉంటుంది. మంగళగిరి, తాడేపల్లి పురపాలక సంఘాలను చుట్టుపక్కల ఊళ్లతో సహా కలిపి 2021 మార్చిలో కార్పొరేషన్ చేశారు. అదీ కౌన్సిల్ లేకుండానే మొదలైంది.

రామవరప్పాడు, ప్రసాదంపాడు, ఎనికేపాడు, నిడమానూరు ఊళ్ల వాళ్లు నన్ను అడుగుతుంటారు: చుట్టుపక్కల ఊళ్లను నగరంలో కలిపి చేయాలంటున్న గ్రేటర్ విజయవాడలో కలిస్తే మంచిదా, తాడిగడపలా విడిగా ఉంటే మంచిదా అని. నా అభిప్రాయం కలవడం వైపే ఉంది. మురుగు వాలు ఊరి హద్దు చూసి ప్రవహించదు. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీకి దాదాపు 11 లక్షల క్యూసెక్కులు, 2024 సెప్టెంబరులో 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు నది ఏ పంచాయతీ అని అడగలేదు. యనమలకుదురు నుంచి కోటినగర్ దాకా కట్టిన వరద గోడ కూడా నగరానికీ పంచాయతీకీ ఒకటే గోడ. అయితే కలవడానికి ముందు ఊరివాళ్లు పంచాయతీ ఉండగానే చేసుకోవాల్సిన పని ఒకటి ఉంది.

పంచాయతీ చివరి రోజుల్లో గ్రామసభ పెట్టించి, ఊళ్లోని ప్రతి లేఅవుట్ పార్కు స్థలం, ప్రతి డొంక, ప్రతి బోదె, చెరువు, శ్మశానం, సర్వే నెంబర్లతో సహా తీర్మానంలో రాయించాలి. గిఫ్ట్ డీడ్ కానివి ఏవో విడిగా రాయించాలి. తీర్మానాల పుస్తకాలు, ఇంటిపన్ను లెక్కల డిమాండ్ రిజిస్టర్లు సంవత్సరాల వారీగా జాబితా చేయించి, ఒక నకలు జిల్లా పంచాయతీ అధికారి (డీపీఓ) కార్యాలయానికి, ఒకటి ఊరి గ్రంథాలయానికి ఇవ్వాలి. నకలు చేయించడానికి అయ్యే ఖర్చు ఒక సిమెంటు రోడ్డులో మూరెడు ముక్కకయ్యేంత కూడా ఉండదు.

తాడిగడపలో ఆ అవకాశం దాటిపోయింది. మిగిలింది వార్డుల విభజన. ఇప్పుడు కాలనీ సంఘాలతో కలిసి చేస్తున్న పని దాని గురించే. వార్డు హద్దులు సాధారణంగా రోడ్లను పట్టుకుని గీస్తారు. మేం బోదెలను పట్టుకుని గీయమని అడగబోతున్నాం. ఒక బోదె మొదలు నుంచి చివర దాకా వీలైనంత వరకు ఒకే వార్డులో ఉంటే, నీళ్లు నిలిచినప్పుడు ఇద్దరు కౌన్సిలర్లు ఒకరి వైపు ఒకరు వేలు చూపించే పరిస్థితి రాదు. ముసాయిదా వెలువడ్డాక అభ్యంతరాలకు ఇచ్చే గడువు కొద్ది రోజులే ఉంటుంది. అందుకే ఎఫ్‌ఎంబీలు ముందే తెచ్చి, పాత బోదెలను ఇప్పటి వీధుల పటం మీద గీస్తున్నాం. పోరంకి, కానూరు పటాలు పూర్తయ్యాయి. తాడిగడపలో వంద అడుగుల రోడ్డు వైపు కొంత మిగిలింది. యనమలకుదురులో కరకట్ట పక్కన రెండు బోదెలు ఎక్కడ నదిలో కలిసేవో ఇంకా తేలాల్సి ఉంది. చేలకు కాలువ నీళ్లు పంచే పని చేసిన ఆ ఊరి పాత నీరుకట్టు కుటుంబాల వాళ్లెవరైనా ఉంటే, వాళ్లను అడగడానికి వచ్చేవారం వెళ్తున్నాం.